ఏడో వీధి ఉల్టా వాల్వు

నేను ఒక ఇనుప కడ్డీని. నాలుగడుగుల పొడవు, పైన అడ్డంగా పిడి, కింద నలుపలకల నోరు. గుండ్లకుంట మునిసిపాలిటీలో మంచినీళ్ల వాల్వులు తిప్పడం నా పని. చైర్‌పర్సన్ మాటిచ్చినా, కమిషనర్ సంతకం పెట్టినా, ఆఖరికి నన్ను గుంతలో దింపి తిప్పితేనే కుళాయిలో చుక్క పడేది. గొప్పలు పోతున్నానంటారా? పోనివ్వండి, ఇనుముకు సిగ్గేమిటి!

బస్టాండు వెనక వెల్డింగు షాపులో పుట్టి, నేరుగా వాల్వుమన్ జంగయ్య చేతికి వచ్చాను. రోజూ పొద్దున్నే నన్ను సైకిలుకు కట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. ఆడవాళ్లు బిందెలతో ఎదురుపడి, "ఏం జంగన్నా, మా వీధంటే గింత చిన్నచూపా? ఇంకో బిందె నిండనియ్యరాదూ!" అని దబాయించేవారు. ఆయన నవ్వి, ఇంకో రెండు నిమిషాలు ఆగేవాడు. నన్ను ఎడమకు తిప్పితే నీళ్లు వదలడం, కుడికి తిప్పితే ఆపడం. ఊళ్లో అన్ని వాల్వులకూ ఇదే పద్ధతి, ఒక్క ఏడో వీధికి తప్ప.

దాని కథ వేరు. పంతొమ్మిదేళ్ల కింద ఆ వాల్వు బిగిస్తున్నప్పుడు దగ్గరుండి చూడాల్సింది జంగయ్యే. ఆ రోజు కౌన్సిలరు ఇంట్లో గృహప్రవేశం. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, దావత్‌కు రమ్మని కబురొస్తే, ఇప్పుడే వస్తానని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది, పైన సిమెంటు రోడ్డు కూడా పడింది. నన్ను దింపి చూస్తే వాల్వు ఉల్టాగా తిరిగింది! స్టోరువాళ్లు వేరే రకం ఇచ్చారు, కూలీలు అడక్కుండా బిగించారు. తిలా పాపం తలా పిడికెడు. కానీ చెబితే కొత్త రోడ్డు తవ్వాలి, "నువ్వెక్కడ చచ్చావు?" అన్న ప్రశ్నా వస్తుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి అక్కడ మాత్రం నన్ను కుడికి తిప్పి తెరిచేవాడు. ఎవరూ కనిపెట్టలేదా అంటే, మనుషులు కుళాయిని చూస్తారు గాని వాల్వు తిప్పే చేతిని ఎందుకు చూస్తారు?

రిటైరైన రోజు ఆఫీసులో శాలువా కప్పారు. 'ఒక్క పొరపాటూ ఎరుగని ఉద్యోగి' అని రాసిన ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి ఇచ్చారు. పక్క వార్డు నుంచి వచ్చిన కొత్త వాల్వుమన్ ఇస్తారికి నన్ను అప్పగిస్తూ, "ఏడో వీధిల…" అని నోరు తెరిచి, చంకలోని ఫ్రేము చూసుకుని, "…కుక్కలుంటయ్, పైలం" అని ముగించాడు. నాకు ఒళ్లు మండింది. కానీ కడ్డీ మాట ఎవడు వింటాడు?

ఇస్తారి పనిమంతుడే. ట్యాంకు నీళ్లు వదిలే వేళకు నన్ను ఎడమకు తిప్పేవాడు, తెరిచాననుకుని. అది మూసుకునేది. ట్యాంకు బందయ్యాక కుడికి తిప్పేవాడు, మూశాననుకుని. అది తెరుచుకునేది, వట్టి పైపు మీద! తొమ్మిది రోజులు ఏడో వీధికి చుక్క రాలేదు. పైపులో ఏదో అడ్డం పడిందన్నారు ఇంజనీరు హిమజ మేడమ్. సోమవారం రోడ్డు తవ్వడానికి మిషను మాట్లాడారు.

ఆ వీధి చివర అంగన్‌వాడీ ఉంది. పద్దెనిమిది మంది పిల్లలు. నీళ్లు లేని చోట వంట చేయకూడదు కాబట్టి, సోమవారానికీ నీళ్లు రాకపోతే సెంటరును హైవే అవతలికి మారుస్తామని పైనుంచి చెప్పారు. తల్లులంతా పొద్దున్నే కూలికి పోయేవాళ్లు. లారీల మధ్య పిల్లల్ని హైవే దాటించేదెవరు? అండాలు అనే టీచరు బోరింగు నుంచి బిందెలు మోసి మోసి, ఇక లాభం లేదని జంగయ్య ఇంటికి వెళ్లిందట. "అన్నా, నువ్వున్నన్ని దినాలు ఒక్కపూటన్న ఆగలే. నీ చేతిల ఏం మంత్రముండె? సోమవారం దాటితే పోరగాండ్లు ఆగమైతరు" అందట.

సోమవారం ట్యాంకు నీళ్లు వదిలిన వేళకే తవ్వే మిషను వచ్చి నిలబడింది. జనం పోగయ్యారు. జంగయ్య సైకిలు దిగి, ఇస్తారి చేతిలోంచి నన్ను తీసుకున్నాడు. గుంతలో దింపి కుడికి తిప్పాడు. అంగన్‌వాడీ కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తెల్లగా పారింది.

"ఇది ఉల్టా వాల్వు, మేడమ్. పంతొమ్మిదేండ్ల సంది నాకెరుకే. బిగించేనాడు నేను దావత్‌కు పోయిన. చెప్పనీకె శరమైంది" అన్నాడు. సైకిలు సంచిలోంచి ఫ్రేము తీసి ఆమె ముందు పెట్టాడు. "గిది నాకొద్దు."

ఎవడో కిసుక్కుమన్నాడు. అండాలు వాడి వంక ఉరిమి చూసి, గ్లాసు నిండా నీళ్లు పట్టి తెచ్చింది. "చేసిన పాపం చెబితే పోతదంటరు. తాగన్నా, ముందు నువ్వు తాగు" అంది. ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. మేడమ్ ఫ్రేము తీసుకున్నారు. "ఈ గుంత మూత మీద, తెరిచే వైపు బాణం గుర్తు మాత్రం నువ్వే వెయ్యాలి జంగయ్యా" అన్నారు. ఎర్ర రంగుతో కుడివైపుకు బాణం గీశాడు. అంగన్‌వాడీ కదల్లేదు.

మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు వాల్వులకు మోటార్లొచ్చాయి, నేను స్టోరు గదిలో పాత బల్బుల పక్కన ఉన్నాను. నిన్న జంగయ్య వచ్చి నన్ను ఎత్తి, పిడి మీది దుమ్ము తుడిచాడు.

"ఏడో వీధిల బాణం చూసినంకనే మోటారు బిగించిండ్రంట. మొదటి దినమే నీళ్లొచ్చినయంట. నన్నెవ్వరూ పిలవనే లేదు!" అన్నాడు, ముఖమంతా నవ్వుతో.