లోపలిది నాది

మా ఇంట్లో చావు గురించి హుషారుగా మాట్లాడే మనిషి ఒక్కరే, మా అత్తయ్యగారు కాంతమ్మగారు. తొంభై ఆరు తుఫానుకి ఊరంతా కూలిపోయిన కొబ్బరితోటలు చూసుకుని గుండెలు బాదుకుంటుంటే, ఆవిడ పెరట్లో పడిపోయిన మామిడి మాను మీద చెయ్యి వేసి, "పోనీలేరా, నాకు కట్టెలు సిద్ధమైపోయేయి" అన్నారు.

అది ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో నాటుకున్న చెట్టు. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళని మామిడి కట్టెల మీదే దహనం చేస్తారు. "కట్టెల డిపో నుంచి ఎవరి చెట్టుదో తెచ్చి, దాని మీద పడుకోబెడతారా నన్ను? నా చెట్టు నాకుంది" అని మాను ముక్కలు కోయించి, పశువులపాక పక్కన నేల మీదే పేర్పించి, పైన తాటాకు కప్పించారు. ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు.

"ఈ వానాకాలం దాటను" అనేవారు. వానాకాలం దాటేది, ఆవిడా దాటేసేవారు. పొద్దున్నే ఆవకాయతో చద్దన్నం, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం నా వంటకి వంకలు. మనిషి గుండ్రాయిలా ఉన్నారు. నేల చెమ్మ తాగి కట్టెలే పాడైపోయాయి.

పాడైపోయాయనే అనుకున్నాం మరి. మా ఆయన వీరబాబుకి ఇంటి ముందు రేకుల షెడ్డులో లేత్ మిషను ఉండేది. కర్రని గిర్రున తిప్పుతూ ఉలి ఆనించి మంచం కోళ్ళు, ఉయ్యాల కోళ్ళు చెక్కేవారు. ఇనప మంచాలొచ్చాక ఆ పనీ పల్చబడింది. ఒకరోజు పందికొక్కులు దూరుతున్నాయని కట్టెల పేర్పు కదుపుతుంటే ఒక దుంగ జారిపడి చీలింది.

"దుర్గా, ఒకసారిలా రా" అని కేకేశారు.

తెల్లటి చెక్కలో కాటుకపుల్లతో గీసినట్టు నల్లటి గీతలు. వంకర్లు పోతూ, విడిపోతూ, మళ్ళీ కలుస్తూ ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి.

"పుచ్చిపోయిందండీ" అన్నాను.

"పుచ్చు కాదే, బూజు. లోపల్లోపలే పాకి గీసిందిది. ఇంకో ఏడాది వదిలేస్తే పొడైపోద్ది. ఇప్పుడైతే ఉలికి ఆగుద్ది."

ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సహించలేదు. అడగాలంటే అమ్మ చితి అడగాలి. ఎవరు మాత్రం అడుగుతారు? పాక చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒక మధ్యాహ్నం ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క దుంగ ఇమ్మన్నారు.

"నా చితి మీద కన్నేసేవా!" అని ఆవిడ అటు తిరిగి పడుకున్నారు. దీపాలు పెట్టే వేళకి, "ఒక్కటే. ఏం చేస్తావో చూస్తాను" అన్నారు.

మా ఆయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆ దుంగని పాత్రలా చెక్కడం మొదలుపెట్టారు. పైన గుండ్రంగా చెక్కడం ఆయనకి కొత్త కాదు. లోపల తొలవడమే అసలు పని. రెండు వేళ్ళు పట్టేంత మూతి, అందులోంచి ఉలి దూర్చి కడుపంతా ఖాళీ చెయ్యాలి. లారీ స్ప్రింగు పట్టీ ముక్క ఇచ్చి కమ్మరి చేత కొస వంగిన ఉలి కొట్టించుకున్నారు. లోపల ఏం జరుగుతుందో కంటికి కనపడదు, చెవితో చూడాలి. గోడ పల్చబడేకొద్దీ చప్పుడు మారుతుంది. అందుకని ఆయన లోపలి పని పట్టారంటే నేను రేడియో కట్టేసేదాన్ని. అత్తయ్యగారు దగ్గొచ్చినా బయటికెళ్ళి దగ్గేవారు.

మొదటిది మిషను మీదే పేలిపోయింది. "నా కట్టె దండగ" అంటూనే ఆవిడ రెండోదిచ్చారు. అది నిలబడింది. ముంతంత పాత్ర, చిన్న మెడ, ఒళ్ళంతా ఆ నల్ల గీతలు. నూనె పట్టించగానే గీతలు తేలి మెరిశాయి. అత్తయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, మూతిలో వేలు పెట్టి చూశారు.

"నీళ్ళు పోస్తే నానిపోద్ది. చెయ్యి పట్టదు. ఇందులో ఏం పెడతారురా?"

"ఏం పెట్టరమ్మా. ఊరికే చూసుకుంటారు."

"లోపలున్నదంతా పారేసి, ఉత్త డొల్లని చూసుకుంటారా!" అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వి, ఒక గీత వెంట వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా నడిపించారు. తర్వాత మిషను కింద పడిన పొట్టు కుప్పకేసి చూశారు. పాత్ర కంటే అదే ఎక్కువ.

"సరే. మిగతావీ చేసుకో. పైది నీది, లోపలిది నాది" అన్నారు.

వేళాకోళం అనుకున్నాం. మర్నాడు పొద్దున్న చూస్తే చీపురూ గోనెసంచీ పట్టుకుని షెడ్డులో ఉన్నారు. ఆ పొట్టు ఎండబెట్టడం, సంచుల్లో కూరడం, కొబ్బరితాడుతో మూతి కట్టడం, అటక మీద పెట్టించడం, అదో పెద్ద వ్యాపకమైపోయింది. ఒకసారి పొయ్యి అంటించడానికి గుప్పెడు తీశాను. "అప్పుడే తగలెట్టేస్తున్నావేంటే నన్ను!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచారు. కడుపుబ్బా నవ్వుకున్నాను గానీ మళ్ళీ ముట్టుకోలేదు.

చర్చిలో బైబిలు పెట్టుకునే బల్లకి కోళ్ళు చేయించుకోవడానికొచ్చిన జాయ్ టీచరుగారు ఒక పాత్ర చూసి వదల్లేదు. "ఎంత బావుందండీ, నాకూ ఒకటి చేసివ్వండి" అన్నారు. ఆవిడింట్లో చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి అమలాపురం వాళ్ళు. పేర్పు తరుగుతూ వచ్చింది, అటక నిండుతూ వచ్చింది. మా ఇంట్లో అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు. మోటారు చప్పుడు, చెమ్మ మామిడి వాసన, "మెడ పొడుగైపోయిందిరా, కొంగలా ఉంది" అంటూ అరుగు మీద నుంచి అత్తయ్యగారి వంకలు. నా వంట మీది వంకలన్నీ అటు పోయాయని నాకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు వంక పెట్టేవాళ్ళు లేక ఏ కూరా రుచిగా ఉండదు.

ఆఖరి దుంగ దగ్గర మా ఆయన ఆగిపోయారు. అది మొదలు ముక్క, గీతలన్నిటికీ పుట్టిల్లు. "ఇది అమ్మకి ఉంచేద్దాం" అన్నారు.

అత్తయ్యగారు కసిరారు. "నిప్పుకి గీతలు కనపడతాయేంట్రా? చెయ్యి. నేను చూడాలి."

పక్కనే ముక్కాలిపీట వేసుకుని మొదటి నుంచి చివరిదాకా చూశారు. ఆ పాత్ర ఎవరికీ ఇవ్వలేదు.

రెండు వేల నాలుగులో, మామిడిపళ్ళ రోజుల్లోనే, కునుకు తీస్తూ తీస్తూ వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న పి.గన్నవరం డిపో నుంచి ట్రాక్టరు మీద కట్టెలు దిగాయి. అవి చూడగానే మా ఆయన షెడ్డులోకి వెళ్ళి, మిషను పక్కన ఆ ముక్కాలిపీట మీద కూలబడ్డారు. పెద్దలు పిలుస్తున్నా లేవలేదు.

"ఒక్క చెట్టడిగిందే అమ్మ. ఒక్క కట్టైనా మిగల్చలేదే నేను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. నిచ్చెన వేసుకుని అటకెక్కి, ఆవిడ కట్టిన సంచులు ఒక్కొక్కటే కిందికి తోశాను. "కట్టెందుకండీ? ఆవిడ వాటా ఆవిడే దాచుకున్నారు. వచ్చి చూడండి" అన్నాను.

ఆయన వచ్చి ఒక సంచీ ముడి విప్పారు. మామిడి వాసన ఇల్లంతా నిండింది. గుప్పెడు పొట్టు తీసి మొహానికి ఆనించుకున్నారు. తర్వాత లేచారు.

మేం ఆడవాళ్ళం వైనతేయ గోదారి గట్టు మీది కాటికి వెళ్ళం. ఆయనే వచ్చి చెప్పారు. డిపో కట్టెల కిందా, సందుల్లోనూ ఆ పొట్టు పరిచారట. కట్టెలింకా పొగచూరుతుండగానే అది భగ్గుమందట.

"అమ్మ చెట్టే ముందంటుకుంది దుర్గా" అన్నారు.

ఆఖరి పాత్ర మా ముందుగది గూట్లో ఉంది. వచ్చినవాళ్ళు గీతలు చూసి ముచ్చటపడతారు. తీసి ఊపి చూస్తారు, మూతికి కన్ను ఆనించి చూస్తారు.

"ఏమీ లేదేంటండీ లోపల?" అంటారు.

"ఆయ్, లోపలిది మా అత్తయ్యగారు పట్టుకెళ్ళిపోయేరండి" అంటాను.