చచ్చినవాడికి వన్స్‌మోర్

మా ఆయన నవ్వేవాడు. ఈ ఒక్క ముక్క సినిమావాళ్ళకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

మా ఆయన బ్రహ్మం హైదరాబాదు అద్దె గదుల్లో కూర్చుని కవిత్వం రాశాడు. నాటకాలు రాసి తనే ఆడాడు. తాగాడు, తగాదాలు పడ్డాడు, పిచ్చాసుపత్రి గడప కూడా తొక్కాడు. ఇవేవీ నేను కాదనను. నన్ను 'ఏమే' అనడం తప్ప పేరుపెట్టి పిలిచిన పాపాన కూడా పోలేదు. కానీ ఆ మనిషి నవ్వాడంటే తొడ చరుచుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వేవాడు. ఆ నవ్వు చూసే కదా నేను చేసుకుంది, ఆ ఏడుపుగొట్టు కవిత్వం చూసా?

ఆయన కథ సినిమా తీస్తానని శ్రీకాంత్ అనే డైరెక్టరు కుర్రాడు నరసరావుపేటలో మా ఇంటికొచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే. ఎక్కడో ఒకచోట మా ఆయన్ని నవ్వించమన్నాను. "తప్పకుండా ఆంటీ" అన్నాడు. తీరా కథ చదివి వినిపిస్తే, మొదటి సీన్లో వాన, రెండో సీన్లో ఏడుపు, మూడో సీన్లో వానలో ఏడుపు.

"నవ్వు ఏదయ్యా?" అన్నాను.

"అంత బాధపడ్డ కవి నవ్వితే జనం నమ్మరాంటీ."

"నేను నమ్మి కాపరం చెయ్యలా? జనానికేం రోగం?"

తల ఊపి ఊరుకున్నాడు. ఊపడానికి డబ్బులేం ఖర్చవుతాయి!

ఆఖరి రోజు షూటింగు మా ఊళ్ళోనే, పాత నాటకాల హాల్లో పెట్టాడు. తన నాటకంలో చివరి మాటలు చెబుతూ బ్రహ్మం స్టేజీ మీదే కూలి చచ్చిపోతాడు, అదీ సీను. నిజానికి ఆయన పోయింది ఆసుపత్రిలో. ఆ మాటంటే, "సినిమాకి స్టేజీ అయితే బాగుంటుందాంటీ" అన్నాడు. చావునే ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మార్చగలిగినవాడు ఒక్క నవ్వు పెట్టలేడా? ఒళ్ళు మండిపోయింది. ఈ రోజు దాటితే ఇక అంతే. మా ఆయన లోకానికి ఎప్పటికీ ఏడుపు మొహమే.

బ్రహ్మం వేషం బెంజిమిన్‌ది. ఇప్పుడంటే సినిమా హీరో గానీ, మాచర్లలో పద్యనాటకాలాడే ఇంట్లో పుట్టినవాడు. నన్ను పిన్నీ అంటాడు.

"బాబాయ్ ఆ చివరి మాటలు ఎట్టా చెప్పేవాడు పిన్నీ?" అని పొద్దున్నే అడిగాడు.

చివర్లో కాస్త రాగం తీసేవాడని పాడి వినిపించాను. పనిలో పనిగా తొడ చరిచి నవ్వేదీ, నన్ను 'ఏమే' అనేదీ కూడా చేసి చూపించాను. శ్రీకాంత్ పరిగెత్తుకొచ్చి, "రాగం వద్దు సార్, మెల్లగా చెప్పి పడిపోండి" అన్నాడు.

ప్రేక్షకులుగా మా వీధి వాళ్ళనూ, శావల్యాపురం నుంచి ఆటోల్లో తెచ్చిన వాళ్ళనూ కూర్చోబెట్టారు. అందరూ నిశ్శబ్దంగా కన్నీళ్ళు పెట్టుకోవాలని మైకులో చెప్పారు. మా ఎదురింటి దుర్గమ్మక్క పట్టుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏడవడానికి పట్టుచీరేందక్కా?"

"సినిమాలో పడతన్నాం గదే సుబ్బరత్నం!"

యాక్షన్ అన్నారు. బెంజిమిన్ స్టేజీ మధ్యకు తూలుకుంటూ వచ్చాడు.

"ఖాళీ చేసి పోతున్నానోయ్... తాళంచెవి పక్కింటి చుక్క దగ్గరుంది..."

చివరికొచ్చేసరికి ఆపుకోలేకపోయాడు. రాగం తీసేశాడు. అబ్బో, ఏం రాగం! తీసి, కూలి, చచ్చాడు.

మా వైపు నాటకాల్లో రాగం బాగుంటే జనం వన్స్‌మోర్ కొడతారు. పాడినవాడు చచ్చి పడున్నా సరే, లేచి, బట్టలు దులుపుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. అది మర్యాద. లేవనివాడికి బలుపంటారు.

దుర్గమ్మక్క ఒక్క ఉదుటున లేచి "వన్స్‌మోర్!" అని అరిచింది. హాలంతా ఈలలు. శవం ఠక్కున లేచి కూర్చుంది! పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఏం చేస్తాడు పాపం. చొక్కా దులుపుకుని, జనానికి దణ్ణం పెట్టి, మళ్ళీ అందుకున్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

"కట్! కట్!" శ్రీకాంత్ జుట్టు పీక్కున్నాడు. "చచ్చినవాడు లేస్తాడా అండీ?"

"మా ఊళ్ళో లేస్తాడయ్యా" అంది దుర్గమ్మక్క. "బాగా పాడితే మళ్ళీ మళ్ళీ లేస్తాడు."

శ్రీకాంత్ అందరికీ చేతులు జోడించాడు. హాలు సాయంత్రం దాకే ఇచ్చారనీ, ఇంకొక్కసారి తీయడానికే వ్యవధి ఉందనీ చెప్పాడు. పిల్లవాడి మొహం చూసి జనానికి జాలేసింది. "ఊరుకోండర్రా, పాపం" అనుకున్నారు.

ఈసారి రాగం లేదు. బెంజిమిన్ మెల్లగా చెప్పి, మెల్లగా కూలిపోయాడు. ఒక్కరూ దగ్గలేదు. దుర్గమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కెమెరా అతని మొహం దగ్గరకు పోతోంది. శ్రీకాంత్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

బెంజిమిన్ చెయ్యి స్టేజీ అంచు మీంచి వేలాడుతోంది. ఆసుపత్రి మంచం మీంచి మా ఆయన చెయ్యి కూడా అట్లాగే వేలాడింది. ఆ రోజు కూడా అందరం ఇట్లాగే బుద్ధిగా నోరుమూసుకుని నిలబడ్డాం. లెమ్మని ఒక్కరమైనా అడగలేదు.

లేచి నిలబడ్డాను.

"వన్స్‌మోర్!"

గొంతు చీరుకుపోయింది. శ్రీకాంత్ గిరుక్కున తిరిగాడు. కట్ అనబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. కెమెరా నడుస్తూనే ఉంది.

శవం ఒక కన్ను తెరిచింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత తొడ మీద ఫట్‌మని చరుపు. ఆ తర్వాత నవ్వు! పగలబడి, దొర్లి దొర్లి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. దుర్గమ్మక్క నవ్వింది, శావల్యాపురం నవ్వింది, నేను ఏడుస్తూ నవ్వాను. అతను లేచి, చొక్కా దులుపుకుని, నా వైపే చూశాడు.

"ఏమే, ఎక్కడ్నించి చెప్పమంటావ్?"

"మొదట్నించి" అన్నాను.