కాదనని రోజు

కొబ్బరికాయను రెండు చేతులతో ఎత్తి, నేలలో పాతిన గునపం మొన మీద గుచ్చి ఒక్క మెలి తిప్పేసరికి పీచు డొక్క చీలిపోయింది. ఇంకో గుచ్చు, ఇంకో మెలి. డొక్క ఇటు, కాయ అటు. కాయలు ఒలిచే త్రిమూర్తులు చూపు మాత్రం కాయల మీద లేదు, కొబ్బరి కొట్టు గేటు పక్కనున్న టీ బడ్డీ మీద ఉంది. పొయ్యి వెలుగుతూనే ఉంది. జ్ఞానమ్మ రోజూలాగే చీర మీద నల్లచొక్కా తొడుక్కునే ఉంది. రేపటి నుంచి ఆ బడ్డీ తెరవరు.

కోనసీమలో పనికెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకోవడం వింతేమీ కాదు. జ్ఞానమ్మ చొక్కాకి మాత్రం గుండె దగ్గర తెల్లటి ఆకు బొమ్మ ఉంటుంది. అది న్యూజిలాండ్ రగ్బీ జట్టు చొక్కా. దుబాయ్‌లో ఆవిడ వంట చేసిపెట్టి, పిల్లవాణ్ణి పెంచిన ఇంటివాళ్ళది ఆ దేశం. ఆ పిల్లవాడే ఇప్పుడు తండ్రయ్యాడు. తనను పెంచినట్టే తన బిడ్డనూ పెంచమని దుబాయ్ నుంచి కబురు పెట్టాడు. ఆవిడకు కాదనబుద్ధి కాలేదు. ఇక్కడ మాత్రం ఎవరున్నారు? మొగుడు పోయి చాలాకాలమైంది.

త్రిమూర్తులూ దుబాయ్ వెళ్ళి వచ్చినవాడే. బక్కపల్చటి మనిషి, అరచేతులు కాయలు కాసి చెక్కలా ఉంటాయి. అక్కడ ఒక రగ్బీ ఆటస్థలంలో గడ్డి కోసేవాడు, తెల్లగీతలు గీసేవాడు. ఒకసారి ఆట ముగిశాక ఫిజీ ఆటగాడొకడు దారిన పోతూ పోతూ, చెమట చేతిని ఇతని భుజం మీద వేసి నవ్వాడు. ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ ఇతన్ని ముట్టుకుని నవ్విన మనిషి వాడొక్కడే. ఆనాటి నుంచి త్రిమూర్తులుకి భూమ్మీద ఒకటే జట్టు. అతను తిరిగొచ్చేసరికి భార్య లేదు.

బడ్డీ కొత్తగా పెట్టినప్పుడు టీకి వెళ్ళి, ఆ తెల్లాకు చూసి, "ఆళ్ళకంటే ఫిజీవోళ్ళు గొప్పండి" అన్నాడు. జ్ఞానమ్మతో అతను మాట్లాడిన మొదటి మాట అదే. ఆవిడ టీ పోస్తున్న చెయ్యి ఆపింది. "ఏంటండి మీరనేది?" అంది. అంతే, అప్పటి నుంచి ఆ తగువు తెగలేదు.

మొదట్లో కొట్టులోని జనం పోట్లాటేమోనని మూగారు. ఒలవని కాయలాంటి బంతి గురించిన గొడవని తెలిశాక ఎవరి దారిన వాళ్ళు పోయారు. భార్య పోయినవాడూ భర్త పోయినదీ రోజూ నిలబడి మాట్లాడుకుంటే ఊరు ఊరుకుంటుందా? గోడలకు చెవులుంటాయి. కాని ఆ గోడలకు రగ్బీ తెలియదు. అందుకే ఇద్దరూ ఆ ఆటలోనే అన్నీ చెప్పుకున్నారు. ఆవిడకు జ్వరమొస్తే, "ఇయ్యాల మీవోళ్ళు నీరసంగా ఉన్నారండి" అనేవాడు. అతను అన్నం తినకుండా వస్తే, "ఖాళీ కడుపుతో ఆడితే ఫిజీ ఏం గెలుత్తాదండి" అని రెండు బన్నులు ముందు పెట్టేది. ఇంతకంటే ప్రేమగా ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు?

మధ్యాహ్నం అతను చేతులు కడుక్కుని బడ్డీ దగ్గరికి వెళ్ళాడు. సంచులు బల్ల మీద కట్టి ఉన్నాయి.

"నిన్న చెప్పింది ఆలోచించారా?" అంది జ్ఞానమ్మ, టీ వడకడుతూ. "ఆటకు ముందు మావోళ్ళు గంతులేసి, తొడగొట్టి నాలిక చాపితే మీ ఫిజీవోళ్ళు సగం జడిసిపోరా?"

మావోళ్ళకీ ఉందండి ఆ గంతు, అనాల్సిన చోటు అది. త్రిమూర్తులు అనలేదు. ప్రయాణమయ్యే మనిషితో కాదు, లేదు అనకూడదని, వెనక నుంచి పిలవకూడదని తల్లి చెప్పేది. చిన్నప్పుడు ఆ మాటకు నవ్వేవాడు. దుబాయ్ బయల్దేరిన రోజున భార్య, "ఏవండీ, తువ్వాలు మర్చిపోయారు" అని వెనక నుంచి పిలిచింది. ఆ తరవాత ఆమెను మళ్ళీ చూడలేదు. అప్పటి నుంచి నవ్వడం మానేశాడు.

"ఆయ్, నిజమేనండి" అన్నాడు.

ఆవిడ తలెత్తి చూసింది. "మీవోళ్ళు ఒలింపిక్స్‌లో ఏడుగురాడే ఆటలో బంగారం కొడితే సరిపోద్దా? పదిహేనుమంది ఆడేదే అసలాట."

"అంతేనండి."

"అంతేనా?"

"ప్రపంచంలో మీ నల్లచొక్కాలోళ్ళే గొప్పండి. ఒప్పేసుకుంటన్నాను."

గెలుపు మూటగట్టి ఇచ్చి పంపుతున్నాననుకున్నాడు పాపం. ఆవిడ మొహం వాడిపోయింది. చేతిలో గిన్నె తొణికి, టీ చింది ఆ తెల్లాకు మీద పడింది.

"ఎందుకండి ఒప్పుకున్నారు?" అంది. "అక్కడికెళ్ళాక ఫోన్ చేసి రోజూ మీతో దెబ్బలాడదామనుకున్నానండి. ఇప్పుడు ఏమని చేసేది?"

ఆ మాట దిద్దాలంటే అతను కాదనాలి. అంతలో రావులపాలెం ఆటో వచ్చి హారన్ కొట్టింది.

జ్ఞానమ్మ చొక్కా విప్పి బడ్డీ మేకుకి తగిలించింది. "అక్కడ వేడండి, దీంతో పని లేదు" అంది అతని వంక చూడకుండా. పొయ్యి ఆర్పి, సంచులు పట్టుకుని ఎక్కి కూర్చుంది.

ఆటో కదిలింది. జ్ఞానమ్మగారూ, అన్న పిలుపు అతని గొంతులోకి వచ్చింది. దాని వెనకే భార్య గొంతూ వినిపించింది, తువ్వాలు అంటూ. పళ్ళు బిగించి నిలబడ్డాడు. కాలవ వంతెన మీద ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరైనా కాదంటారేమోనని చూసినట్టుంది.

ఆటో కనుమరుగయ్యాక, "ఫిజీయేనండి" అన్నాడు త్రిమూర్తులు. వినడానికి ఎవరూ లేరు. అతనికి ఏడుపొచ్చింది. మొహం తుడుచుకుని గునపం దగ్గరికి వెళ్ళి పొద్దువాలేదాకా కాయలు ఒలిచాడు.

కొట్టు మూసేవేళకు బడ్డీలో నల్లచొక్కా మేకుకి అలాగే వేలాడుతోంది. దాని భుజాల మీద కొబ్బరి పీచు దుమ్ము సన్నగా పేరుకుంది. గుండె దగ్గర తెల్లాకు సగం టీ రంగుకి తిరిగి, ఆరిపోయింది.