పరీక్ష మీట

ఆమె ముందున్న కాగితంలో మూడే మాటలు. ఒక ప్రైవేటు కంపెనీ కొత్తగా తయారుచేసిన వరద హెచ్చరిక ప్రోగ్రాంలో ఆమె పని ఏదీ లేదనీ, దాని పంపిణీ హక్కులన్నీ కంపెనీవేననీ, నదీ విభాగం ఇకమీద తన పాత ప్రోగ్రాం కాపీ ఎవరికీ ఇవ్వదనీ. విభాగం డైరెక్టర్ పెన్ను మూత తీసి మరీ ఆమె వైపు జరిపాడు.

పదకొండేళ్ళ కింద, ఈ ఆఫీసులోనే, ఫ్యాను తిరగని వెనక గదిలో ఆమె ఆ ప్రోగ్రాం రాసింది. ప్రభుత్వ జీతం మీద రాసింది కాబట్టి అది జనానిదేనని అప్పట్లోనే ఉత్తర్వు ఇచ్చారు. అడిగిన ప్రతి ఊరికీ ఆమె సంతకంతోనే కాపీ పంపారు. రెండేళ్ళ కింద ఈ కంపెనీకీ ఇచ్చారు. ఇప్పుడు వీళ్ళు రంగులు మార్చి, తమ పేరు వేసుకుని, మొదటి అక్షరం నుంచీ తామే రాశామంటున్నారు.

దిగువ ఊళ్ళో నీటిమట్టం చూసే పెద్దాయన రాసిన ఉత్తరం ఆమె చేతిసంచిలో ఉంది. వానలు మొదలయ్యేలోగా ఒక కాపీ పంపమన్నాడు. కిందటేడు తను నదిలో పాతిన కర్ర మీద గీతలు చూసి అరుచుకుంటూ వెళ్ళేసరికే రెండు వీధులు మునిగాయట. ఆమె సంతకం పెడితే ఆయన లైసెన్సు కోసం కంపెనీ చుట్టూ తిరగాలి. వానలు అంతదాకా ఆగవు.

పేరు పోయిందనేనా నీ బాధ, అని తనను తాను అడిగింది. కొంచెం అదీ ఉంది. ఆ కొంచెం ఉన్నందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు, సొంత గొప్ప కోసం గొడవ చేస్తోందంటారని. తలూపడానికి మెడ అలవాటుపడిపోయింది.

బల్లకు అవతల కంప్యూటర్ తెరిచి కూర్చున్న కంపెనీ మనిషి చొక్కా ఎప్పుడూ నలగదు. ఆఫీసంతా అతన్ని చాటుగా ఇస్త్రీబాబు అంటుంది. అతను ఎంతో మర్యాదగా, ఇందులో ఆమెది ఒక్క లైను కూడా లేదన్నాడు. లోపల చూడనిస్తారా అని ఆమె అడిగింది.

"అది కుదరదు మేడమ్. లైసెన్సు ఒప్పుకోదు."

తను కన్నదాన్ని తను చూడకూడదట. అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు మాత్రం విచిత్రంగా చల్లబడింది.

"చూడనులెండి. హెచ్చరిక వెళ్తుందో లేదో చూసే ఆ పరీక్ష మీట ఒక్కసారి నొక్కండి."

అతను నొక్కాడు. హెచ్చరిక వెళ్ళిందని తెర మీద పచ్చగా వెలిగింది.

మొదటి సంవత్సరం పరీక్షలకు ఆఫీసు ఫోను ఇవ్వకపోతే ఆమె తన ఇంటి నంబరే ప్రోగ్రాం లోపల రాసేసింది. తరవాత తీసెయ్యడం మరిచిపోయింది. ఆ ఇంట్లో ఫోను ఎత్తేది అక్క.

నిమిషం తిరక్కుండా ఆమె సెల్లు మోగింది. దాన్ని బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేసింది.

"ఏమే, మళ్ళీ నీ నది పొంగుతోందని ఇంటికి ఫోనొచ్చింది. నిజమా, ఉత్తుత్తిదా?"

"పరీక్షే అక్కా. కంపెనీ వాళ్ళు చేశారు. మొత్తం కొత్తగా రాశారట."

"కొత్తగా రాస్తే మన నంబరు వాళ్ళకెలా తెలుసే?"

ఇస్త్రీబాబు గబుక్కున తెర ఆపేశాడు. డైరెక్టర్ అద్దాలు తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఇది పెద్ద విషయం చెయ్యక్కర్లేదన్నాడు. ఆ నంబరు కంపెనీ వాళ్ళు తీసేస్తారు, సంతకం మాత్రం ఇవాళే అయిపోవాలి.

అబద్ధం బయటపడ్డాక కూడా ఆయనకు సరిచెయ్యాలనిపించింది నంబరునే.

ఆమె పెన్ను అందుకుంది. సంతకం చోట తన ఇంటి నంబరు, పక్కన తేదీ, ఇప్పుడు జరిగినదంతా రాసింది. అక్షరాలు వంకర పోయినా ఆగలేదు. తరవాత సంచిలోంచి ఉత్తరం తీసి, కాపీ ఇవ్వడమైనదని దాని అంచున రాసింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు డైరెక్టర్.

"పాత ఉత్తర్వు ఇంకా రద్దు కాలేదు సార్. నా సంతకం పడితే కదా అయ్యేది."

దీనికి సంజాయిషీ అడుగుతానని ఆయన గొంతు పెంచాడు.

"ఎవరే ఆయన, నిన్నంత గద్దిస్తున్నాడు?" అంది బల్ల మీది ఫోను. అక్క ఇంకా పెట్టెయ్యలేదు.

"చెప్తానుండు," అని ఆమె ఫోను చెవిన పెట్టుకుని, ఉత్తరం పట్టుకుని వెనక గదికి నడిచింది. కాపీ తీయడానికి అరగంట పడుతుంది.