మోకాలి నొప్పి

ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంది. అత్తగారి చీరలూ, భర్త చొక్కాలూ, పిల్లల యూనిఫారాలూ అందులో వేసేది ఆమే. తన పరుగు ప్యాంటు మాత్రం బాత్‌రూం గడియ పెట్టుకుని, కుళాయి సన్నగా తిప్పి, చేత్తో పిండుకునేది.

రెండో కాన్పు నుంచీ అంతే. తుమ్మినా, దగ్గినా, నాలుగడుగులు గబగబా వేసినా చుక్కలు పడతాయి. "ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే. బయటికి చెప్పుకుంటారా ఎవరైనా?" అని అత్తగారు అక్కడితో తేల్చేసింది. భర్త అయితే ఒకసారి కారెక్కబోతుంటే, "సీటు మీద తువ్వాలు పరుచుకో, వాసనొస్తోంది" అని అద్దం దించి, పాటలు పెట్టుకున్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ తర్వాత వారం రోజులు ఆమె ఎవరి పక్కనా కూర్చోలేకపోయింది.

అయినా పరుగు మానలేదు. పొద్దున ఆ గంటన్నరా తన కాళ్లు తన పని మీద కదిలేవి.

ఆమె చేరిన మారథాన్ బృందానికి శిక్షణ ఇచ్చేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. అందరి పరుగూ ఫోన్లో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూపిస్తాడు. ఆమె వంతు వచ్చినప్పుడు ఏడుగురు చుట్టూ మూగారు.

"భుజాలు చెవుల దాకా వెళ్లిపోయాయి చూడండి. నడుము వంగిపోతోంది. అడుగు మరీ పొట్టి. కాళ్లు అలా బిగబట్టుకుంటే నలభై రెండు కిలోమీటర్లు ఎలా వెళ్తారమ్మా?"

తెర మీద ఆ మనిషి ఏదో దొంగిలించి పారిపోతున్నట్టుంది. ఆమెకు చెవులు వేడెక్కాయి.

"మోకాలు నొప్పండీ" అంది.

పాపం, ఆయన మోకాలికి వ్యాయామాలు చెప్పాడు. లేని నొప్పికి మూడు వారాలు శ్రద్ధగా చేసింది.

ఇరవై నాలుగు కిలోమీటర్ల పరుగు రోజున, ముందు రోజు సాయంత్రం నుంచీ నీళ్లు ముట్టలేదు. పదిహేడో కిలోమీటరు దగ్గర కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూలబడింది. వెనక సైకిల్ మీద వస్తున్న మాస్టారు దిగి సీసా అందించాడు. పెదాలు తడుపుకుని ఇచ్చేసింది.

"ఇక చాలమ్మా. మోకాలు డాక్టరుకి చూపించుకోండి. ఈసారికి మీ పేరు తీసేస్తాను."

ఆమె పనిచేసేది రక్త, మూత్ర పరీక్షల ల్యాబులో. మంటగా ఉందా, ఆగుతోందా అని రోజుకు ముప్పైమందిని మొహమాటం లేకుండా అడుగుతుంది. ఇప్పుడు నాలుక పిడచకట్టుకుపోయింది. సైకిల్ చక్రం వైపు చూస్తూ చెప్పింది.

"మోకాలు బాగానే ఉంది మాస్టారూ. పరిగెడితే నాకు మూత్రం ఆగదు. అందుకే నీళ్లు తాగలేదు."

భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన ముఖం కూడా ఎర్రబడింది.

"ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలవుతుందమ్మా?"

"నాలుగో... నాలుగో దాని దగ్గర."

"మా అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది. అక్కడి కండరాలకీ వ్యాయామాలున్నాయి. చాలామందికి తగ్గుతుంది. రేపే వెళ్లండి. నీళ్లు మాత్రం మానకండి." సీసా మళ్లీ ఆమె చేతిలో పెట్టి అడిగాడు. "ఎన్నాళ్లుగా?"

"తొమ్మిదేళ్లు."

"ఇంట్లో తెలీదా?"

"అందరికీ తెలుసు. ఎన్నాళ్లుగా అని అడిగింది మీరొక్కరే."

ఆ మాట తన చెవిన పడ్డాక ఆమెకు మళ్లీ సిగ్గేసింది, ఈసారి ఇంటివాళ్లను తలుచుకుని.