భుజం మీది చెయ్యి

ఫోటోలోంచి పక్కవాళ్ల ముఖం తీసేయడం సులువే, చేతితోనే తంటా. ముఖం ఉన్నచోట గోడను పరిచేయవచ్చు. భుజం మీద పడ్డ చెయ్యిని తీస్తే కింద బట్ట ఉండదు, దాన్ని కొత్తగా పుట్టించాలి. ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్ని భుజాలు పుట్టించాడో! దానియేలు మౌస్ కదిపాడు. తెర మీది ముసలామె ఎడమ భుజం నుంచి ఒక కుట్టుపువ్వును తెచ్చి కుడి భుజానికి అతికించాడు. అతుకు కనిపించలేదు. కనిపిస్తే అది దానియేలు పనే కాదు.

"దానేలన్నా, నీ చేతిల పడితే సచ్చినోళ్లు గూడ పెండ్లికి పోతున్నట్టే ఉంటరు," అన్నాడు తార్నాకలోని ఆ స్టూడియో యజమాని పరశురాం, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ.

"నీది గూడ మంచిగ చేస్తా తియ్, తొందరేమున్నది?"

ముసలామెది మెక్సికో. ఆమె మనవరాలు హిమేనా ఏడాదిగా యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ ఫోటోలు తీస్తోంది. ఊళ్లు విడిచొచ్చిన వాళ్లు ఇళ్లల్లో ఏ ఫోటోలు దాచుకుంటారన్నది ఆమె వెతుకులాట. వాళ్ల దేశంలో రెండు ప్రదర్శనల్లో ఆమె ఫోటోలు పెట్టారట. పేరు మాత్రం ఇంకా దారిలోనే ఉందని తనే నవ్వింది. సోమవారం ఈ పాత ఫోటో ఇచ్చింది. కుర్చీలో అమ్మమ్మ, ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి. ఆ మణికట్టు దగ్గరే కాగితం చిరిగిపోయింది.

"పెద్దది చేయండి. మా ఇంట్లో కూడా చనిపోయినవాళ్ల ఫోటోకు బంతిపూలే పెడతాం," అంది క్లాసులో నేర్చుకున్న తెలుగులో.

బంతిపూలు అన్న మాటతో దానియేలుకు అంతా అర్థమైపోయింది. దండ వేసే ఫోటో. అందులో పోయిన మనిషి ఒక్కరే ఉండాలి.

మధ్యాహ్నం ఆమె వచ్చి ప్రింటును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని దానియేలు కళ్లద్దాలు తుడుచుకుని నిలబడ్డాడు.

"చెయ్యి ఏదండీ?"

"తీసేసిన మేడం. జాడ గూడ లేదు, చూడుండ్రి."

"అది ఎవరిదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతది అంటుంది అమ్మ. కాదు అంటుంది పిన్ని. నేను కెమెరా పట్టుకున్నది ఆ చెయ్యి కోసమే." ఆమె గొంతు పెంచలేదు. "ఎందుకు తీశారు?"

"సచ్చినోళ్ల మీద బతికినోళ్ల చెయ్యి ఉంచద్దు మేడం. వాళ్లను పోనియ్యనట్టు అయితది."

"పోనివ్వకపోతే ఏమవుతుంది?"

పరశురాం కత్తెర ఆగింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. పని నేర్పిన ఉస్తాదు చెప్పాడు, దానియేలు చేస్తూ వచ్చాడు.

అసలు ఫోటోను మళ్లీ స్కాన్ చేశాడు. తేమ మరకలను, చిరుగు అంచును ముట్టుకోకుండా ఉండటానికి చేతులు ఒళ్లో పెట్టుకోవలసి వచ్చింది. ప్రింటులో ఆ చెయ్యి మళ్లీ వచ్చింది. మొరటు గోళ్లు, బొటనవేలి మీద పాత గాటు. అది ముసలామెను ఆపుతున్నట్టు లేదు. ఊరికే అక్కడ ఉంది.

ఆ రాత్రికే హిమేనా విమానం. వెళ్లేముందు కెమెరా తీసింది. "ముఖం వద్దు. మీ చెయ్యి."

వేలమందికి గడ్డం ఎత్తమని, భుజం దించమని చెప్పినవాడికి తన చెయ్యి ఎక్కడ పెట్టాలో తోచలేదు. బల్ల మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. క్లిక్కుమంది.

"పోయొస్తా అన్నా," అందామె, ఈసారి క్లాసులో నేర్పని తెలుగులో. ఆటో కదిలింది.

సాయంత్రం దానియేలు యూనివర్సిటీ క్యాంపస్‌లోంచి మాణికేశ్వర్ నగర్‌లోని ఇంటికి నడిచాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎవరో జంట ఫోటో దిగుతున్నారు. అక్కడే ఒకప్పుడు భార్య అమల భుజం మీద చెయ్యేసి తనూ దిగాడు. నాలుగేళ్ల కింద, ఆమె పోయిన మూడో రోజున, ఆ ఫోటోలోంచి తనను తనే తీసేశాడు. చెయ్యి ఉన్నచోట పసుపు చీర కొత్తగా పుట్టించాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పని అంత బాగా కుదిరాక ఏడవడానికి సందు దొరకలేదు.

ఇంట్లో గోడ మీది పటం దించాడు. వెనక మేకులు ఊడదీసి, లోపలి ప్రింటును తీసి మంచం మీద పెట్టాడు. బీరువాలోంచి పాత కవరు తెచ్చి, అందులోని ఇద్దరూ ఉన్న అసలు ఫోటోను అద్దం వెనక పెట్టాడు. పటానికి అది చిన్నదైంది. చుట్టూ అట్ట కనిపిస్తోంది. అలాగే మేకులు దిగ్గొట్టి తగిలించాడు.

మంచం మీద ఒంటరి అమల మిగిలింది. పసుపు చీర భుజాన ఒక్క అతుకూ కనిపించలేదు.