అఫ్జల్‌గంజ్ దాకా

కొలంబోలో సముద్రం ఒడ్డున ఇల్లు కొనాలని వామన్‌రావుకు మహా తొందరగా ఉంది. ఎండాకాలం తాము ఉండొచ్చు, మిగతా నెలలు అద్దెకివ్వొచ్చు. బయానా ఇవ్వడానికి అఫ్జల్‌గంజ్‌లోని దలాలు దగ్గరికి బయలుదేరుతుంటే పక్కింటి ఖైరున్నీసా ఏడుస్తూ వచ్చింది. దూరప్రయాణం పోయేవాళ్లకు కట్టే ఇమామ్ జామిన్, పచ్చగుడ్డలో చుట్టిన రూపాయి, అతని జబ్బకు కట్టింది. క్షేమంగా చేరేదాకా దాన్ని విప్పకూడదు.

"ఎండాకాలానికే ఆపా, మళ్లొస్తం," అన్నాడు వామన్‌రావు.

"మా తమ్ముడు గూడ గట్లనే అన్నడు. కరాచీల ఇల్లు కొన్నడు. మళ్ల మొఖం సూపలే."

వామన్‌రావు అఫ్జల్‌గంజ్‌కు వెళ్లాడు. గంటలో తిరిగొచ్చి, నేరుగా ఆమె గుమ్మం ముందు నిలబడి చేయి చాపాడు.

"బేరం వద్దన్న. సలామత్‌గ ఇంటికొచ్చిన ఆపా, ఇగ విప్పు."